కాన్వాసర్ ఇంటర్వ్యూ: మాట నేర్వాలా, హద్దు నేర్వాలా?

మేనేజరు: కాన్వాసర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటేనే సగం ఫీల్డు, మాస్టారూ. అకౌంటెంటుగా వచ్చినవాడిని లెక్కలు అడుగుతారు, డ్రైవరుగా వచ్చినవాడికి బండి ఇచ్చి నడపమంటారు. మా దగ్గరికి వచ్చినవాళ్లలో మేం చూసేది ఒక్కటే: ముక్కూ మొహం తెలియని మనిషి ఎదుట నోరు పెగులుతుందా, లేదా? తలుపు తీసినావిడ మళ్లీ వేసెయ్యకుండా ఆగే ఆ అర నిమిషంలోనే ఉద్యోగమంతా ఉంది. అందుకే వాకిన్‌కి వచ్చే పిల్లలకి మాట సాధన చేసుకుని రమ్మంటాను. మీ పేరు, కంపెనీ పేరు, వచ్చిన పని, వాళ్ల టైము ఎంత తీసుకుంటారో చెప్పడం, ఈ నాలుగూ తడుముకోకుండా రావాలి. "వద్దండీ", "మా ఆయన ఇంట్లో లేరు", "మాకు ఆల్రెడీ ఉంది" అనే మూడు మాటలకీ మర్యాదగా బదులివ్వడం రావాలి. అద్దం ముందు చేసే సాధన చాలదు. ఇంట్లో అక్కనో బాబాయినో కూర్చోబెట్టి, నిజంగానే వద్దనమని చెప్పి చేయాలి.

మాస్టారు: మాట సాధన అక్కర్లేదని నేనూ అనను, మేనేజరు గారూ. నా దగ్గర డిగ్రీ చదివిన పిల్లలు ఈ ఇంటర్వ్యూలకి వెళ్తూనే ఉన్నారు. నీళ్ల ఫిల్టర్లు, ఇన్సూరెన్సు, క్రెడిట్ కార్డులు, కాలేజీ సీట్లు, అమ్మేది ఏదైనా కావచ్చు. వెళ్లే ముందు నన్ను అడిగేది కూడా ఇదే: "సార్, ఏం మాట్లాడాలి?" ముందు అడగాల్సింది అది కాదంటాను. ఏ మాట చెప్పి అమ్మమంటారు, అందులో నేను చెప్పకూడనిది ఏది అని ముందు తేల్చుకోవాలి. హద్దు గీసుకున్నాక మాట నేర్చుకుంటే ఆ మాట వాడి చేతిలో ఉంటుంది. హద్దు లేకుండా నేర్చుకుంటే వాడే ఆ మాట చేతిలో ఉంటాడు.

మేనేజరు: వినడానికి బాగుంది. ఫీల్డులో జరిగేది వేరు. కొత్తగా చేరినవాడు అబద్ధం ఎప్పుడు ఆడతాడో దగ్గరుండి చూశాను. చాలాసార్లు అది దురాశతో ఆడేది కాదు, తడబాటులో నోరుజారేది. ఇంటావిడ "ఈ ఫిల్టరు బోరు నీళ్లకి పనికొస్తుందా?" అంటుంది. వాడికి టీడీఎస్ అంటే ఏమిటో, ఏ నీళ్లకి ఆర్వో కావాలో, ఏ నీళ్లకి యూవీ సరిపోతుందో తెలియదు. తెలియదని ఒప్పుకుంటే పరువు పోతుందని "ఏ నీళ్లకైనా పనికొస్తుందండీ" అనేస్తాడు. ముందే తయారై వచ్చినవాడైతే "మీ నీళ్లు పరీక్ష చేసి చెప్తానండీ" అంటాడు. అంటే సాధన చేసిన మాటే హద్దును కాపాడుతోంది. మీరు ఆ రెండింటినీ విడదీస్తున్నారు, నాకు విడిగా కనబడటం లేదు.

మాస్టారు: ఆ మాట ఒప్పుకుంటున్నాను. సరుకు గురించి చదువుకోవడం నిజాయతీలో మొదటి మెట్టు. కానీ మీరు చెప్పిన ఉదాహరణలో వాడికి నిజం చెప్పే వీలుంది. ఇప్పుడు సరుకు మార్చండి. పదో తరగతి పరీక్షలు అయ్యీ అవకముందే మన జిల్లాల్లో కాలేజీల కాన్వాసింగ్ మొదలవుతుంది. పీఆర్వోలు, ఏజెంట్లు, ఒక్కోసారి పాఠాలు చెప్పే లెక్చరర్లే పిల్లల ఫోన్ నంబర్ల లిస్టులు పట్టుకుని ఊళ్ల మీద పడతారు. ఇంటర్ బోర్డు షెడ్యూలు రాకముందే "ఈ రోజు అడ్వాన్సు కడితే ఫీజులో రాయితీ, రేపటికి సీటు ఉండదు" అంటారు. అక్కడ అమ్మేది ఒక పిల్లవాడి రెండేళ్లు. వాడికి ర్యాంకు వస్తుందో రాదో చెప్పినవాడికే తెలియదు. సరుకును ఎంత చదివినా ఆ ప్రశ్నకి నిజమైన జవాబు దొరకదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇస్తూ ర్యాంకులకి, మార్కులకి గ్యారంటీ ఇవ్వకూడదంది. పదహారేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోవద్దని, సెకండరీ పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలని చెప్పింది. ఆ కాగితం ఢిల్లీలో ఉంటుంది. గడప ముందు నిలబడేది మన కుర్రాడు. గ్యారంటీ మాట నోటితో అనాల్సింది వాడే.

మేనేజరు: అలాంటి చోటికి వెళ్లొద్దని చెప్పండి, కాదనను. కానీ కాన్వాసింగ్ అంటేనే మోసం అన్నట్టు పిల్లల్ని భయపెట్టొద్దు. ఈ పని ఎంతమందికి అన్నం పెట్టిందో మీకూ తెలుసు. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ ఇంటింటికీ వెళ్లి వాక్యూమ్ క్లీనర్లూ నీళ్ల ఫిల్టర్లూ అమ్మే పద్ధతి మీదే ఎదిగింది. 1956లో పుట్టిన ఎల్‌ఐసీ పల్లెపల్లెకీ చేరింది ఏజెంట్ల కాళ్ల మీదే. పదో తరగతి పాసై, శిక్షణ తీసుకుని, ఐసీ-38 పరీక్ష గట్టెక్కితే ఏజెంటు కావచ్చు. సిఫార్సు లేనివాడు, ఇంగ్లిషు రానివాడు, బ్యాక్‌లాగులు మిగిలినవాడు తల ఎత్తుకుని అడుగుపెట్టగల ఆఫీసు మాదే. అలాంటివాడికి మాట సాధన చేయించడమంటే వాడి చేతికి ఒక పనిముట్టు ఇవ్వడం. ఈ ఉద్యోగం పోయినా ఆ పనిముట్టు వాడితోనే ఉంటుంది.

మాస్టారు: ఆ గౌరవం ఈ పనికి ఉంది. ఉండాలి కూడా. పోస్టాఫీసు ఆర్డీలు కట్టించుకునే మహిళా ఏజెంట్లు మన వీధుల్లో ఏళ్ల తరబడి తిరిగారు. నెలనెలా డబ్బు చేతికిచ్చేటప్పుడు వాళ్లని అనుమానించినవాళ్లు అరుదు. కాన్వాసింగ్ అంటే మోసమని ఎలా అంటాను? నాకు కష్టంగా అనిపించేది వేరే ఉంది. మీ ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ ఊళ్లో మీకు ఎంతమంది తెలుసు? బంధువుల ఇళ్లు ఎన్ని ఉన్నాయి?" ఇన్సూరెన్సులో దాన్ని "నేచురల్ మార్కెట్" అంటారు. పేర్లు రాయమని తెల్లకాగితం కూడా ఇస్తారు. కుర్రాడు ఉత్సాహంగా మేనమామ, పెద్దమ్మ, చిన్నప్పటి టీచరు అని రాసుకుపోతాడు. అమ్మాల్సిన సరుకు ఏమిటో వాడికింకా పూర్తిగా తెలియనే తెలియదు. వాళ్లమ్మ ముప్పై ఏళ్లుగా నిలబెట్టుకొచ్చిన బంధుత్వాలను అప్పుడే కాగితం మీద పెట్టేశాడు. ఆ లిస్టు అయిపోయాక వాడూ ఆ కంపెనీకి అక్కర్లేకపోవచ్చు.

మేనేజరు: అలా జరుగుతుంది. లిస్టు తిరగేసి, మూడో నెలలో మనిషిని వదిలేసే ఆఫీసులు ఉన్నాయి. దాన్ని సమర్థించను. కానీ రెండోవైపు కూడా చూడండి. తెలిసినవాళ్లకి అమ్మినవాడు రేపు వాళ్ల ఇంట్లో పెళ్లికి వెళ్లాలి. అందుకే వాడు జాగ్రత్తగా మాట్లాడతాడు. ఏ ఊరివాడో తెలియనివాడు సంతకం పెట్టించుకుని బండెక్కి వెళ్లిపోతాడు. మీరు మెచ్చుకున్న ఆ ఆర్డీ ఏజెంటు ఆ వీధి మనిషే కదా. తెలిసినవాళ్ల దగ్గర మొదలుపెట్టమనడం తప్పు కాదు. వాళ్లకి తప్పు సరుకు అంటగట్టమనడం తప్పు.

మాస్టారు: అయితే మన ఇద్దరి మాటా ఒక చోట కలుస్తోంది. ఆ ప్రశ్నకి కుర్రాడు తయారుగా ఉండాల్సిన జవాబు ఇది: "సరుకు నేను పూర్తిగా తెలుసుకున్నాక, నాకు నమ్మకం కుదిరాక మావాళ్ల దగ్గరికి వెళ్తాను. అంతవరకు ఏరియా ఇవ్వండి, తెలియని ఇళ్లు తిరుగుతాను." ఈ మాట అన్నవాడిని మీరు తీసుకుంటారా?

మేనేజరు: నేను తీసుకుంటాను. తెలియని ఇళ్లు తిరుగుతాను అనేవాడు దొరకడమే కష్టం. కానీ నాలాంటి వాళ్లందరూ తీసుకుంటారని హామీ ఇవ్వలేను. నెలాఖరుకి లెక్క చూపించాల్సిన మేనేజరుకి ఆ లిస్టే కావాలి. అలాంటి చోట ఆ జవాబు చెప్తే ఉద్యోగం రాకపోవచ్చు. అది కూడా పిల్లలకి చెప్పండి.

మాస్టారు: చెప్తాను. ఇంకో సంగతి అడుగుతాను. "ఈ పెన్ను నాకు అమ్మి చూపించు" అంటారు కదా. పిల్లలందరూ దాన్ని కంఠస్థం చేసుకుని వస్తారు. పెన్ను నునుపు, ఇంకు, ధర అని ఏకరువు పెడతారు. ఆ పరీక్ష ఏం నేర్పుతోంది? ఎదుటివాడికి అవసరం ఉన్నా లేకపోయినా అమ్మడమే గొప్పని నేర్పుతోంది.

మేనేజరు: ఆ పరీక్షను మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు. పెన్ను గుణాలు ఏకరువు పెట్టినవాడికి నేను మార్కులు వేయను. "సార్, మీరు రోజూ ఏం రాస్తారు? ఇప్పుడు వాడే పెన్నుతో ఇబ్బంది ఏమైనా ఉందా?" అని ముందు అడిగినవాడిని తీసుకుంటాను. అడగడం, వినడం, తర్వాత మాట్లాడటం, ఈ వరస చూడటానికే ఆ పరీక్ష. అమెరికాలో డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు పరిశోధకులు మయామీలో చేసిన అధ్యయనం 2016లో "సైన్స్" పత్రికలో వచ్చింది. ట్రాన్స్‌జెండర్ల మీద జనానికి ఉన్న వ్యతిరేకత గురించి కాన్వాసర్లు ఇంటింటికీ వెళ్లి పది నిమిషాల పాటు మాట్లాడారు. ఉపన్యాసం ఇవ్వలేదు. మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా వేరుగా చూశారా అని వాళ్ల అనుభవమే అడిగారు. ఆ కాస్త మాటతో వచ్చిన మార్పు మూడు నెలల తర్వాత కూడా నిలిచింది. ఆ కాన్వాసర్లకి ముందే శిక్షణ ఇచ్చారని గుర్తుంచుకోండి. వినడం కూడా సాధన చేస్తేనే వస్తుంది.

మాస్టారు: మంచి ఉదాహరణ. మీ వాదానికి ఎంత బలమిస్తుందో నా వాదానికీ అంతే ఇస్తుంది. అక్కడి కాన్వాసర్లకి ఆ గడప దగ్గర రావాల్సిన కమీషన్ లేదు. విన్నదాన్ని అవతలి మనిషి మీదే ప్రయోగించి సంతకం పెట్టించుకోవాల్సిన అవసరమూ లేదు. మన కుర్రాడు "మీ ఆయనకి బీపీ ఉందా అమ్మా?" అని ఆప్యాయంగా అడిగి, విని, ఆ భయం మీదే పాలసీ అమ్మితే అది వినడమేనా? వినే నేర్పు ఎంత పెరిగితే హాని చేసే శక్తి కూడా అంత పెరుగుతుంది. సాధనతో వచ్చిన నేర్పుకి హద్దు ఎవరు చెప్తారు?

మేనేజరు: కొంత చట్టం చెప్తుంది. ఇంటర్వ్యూకి వచ్చేవాడు అది చదువుకుని రావాలన్నది నా మాట కూడా. ఇన్సూరెన్సుకి వెళ్తుంటే 1938 ఇన్సూరెన్సు చట్టంలోని 41వ సెక్షన్ తెలియాలి. "కమీషన్‌లో సగం నాకు వెనక్కి ఇస్తావా?" అని కస్టమరు అడగడం మామూలే. ఇంటర్వ్యూలో మేమూ అడుగుతాం. ఇస్తానన్నవాడు చట్టం తెలియనివాడు. అలా ఇవ్వడం చట్టవిరుద్ధం. పాలసీ కాగితం అందిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చే ఫ్రీ లుక్ హక్కు కస్టమరుకి ఉందని, దాన్ని తనే ముందు చెప్తానని అన్న అభ్యర్థి నాకు బాగా గుర్తుండిపోతాడు. డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ అయితే 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఉన్నాయి: గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంటికి వెళ్లకూడదు. తాను ఎవరో, ఏ కంపెనీ తరఫున వచ్చాడో మొదటే చెప్పాలి. ఇక సరుకు కన్నా "మీ కింద ఇద్దర్ని చేర్పించండి" అన్న మాటే ఎక్కువగా వినబడితే అక్కణ్ణించి లేచి రావాలి. అలాంటి గొలుసుకట్టు డబ్బు పథకాలను 1978లోనే చట్టం నిషేధించింది.

మాస్టారు: ఇవన్నీ మీరు పిల్లలకి చెప్తే నా పని సగం తగ్గుతుంది. కానీ చట్టం కస్టమర్ని కాపాడుతుంది, కాన్వాసర్ని ఎవరు కాపాడతారు? మందుల కంపెనీల ప్రతినిధులకి 1976లోనే ఒక చట్టం వచ్చింది, నియామక పత్రం ఇచ్చి తీరాలంది. ఇంటింటికీ తిరిగే కుర్రాడికి చాలా చోట్ల నోటిమాటే నియామక పత్రం. అందుకే ఇంటర్వ్యూకి వెళ్లేవాడు జవాబులతో పాటు ప్రశ్నలు కూడా రాసుకుని వెళ్లాలంటాను. నెల జీతం ఎంత, అందులో టార్గెట్‌తో ముడిపడినది ఎంత? ఇన్సెంటివ్ బుకింగ్ మీదా, డబ్బు వసూలయ్యాకా? కస్టమరు రద్దు చేసుకుంటే నా ఇన్సెంటివ్ వెనక్కి తీసుకుంటారా? పెట్రోలు ఎవరిది? ఈ లెక్క ఒక్కటి వేసి చూడండి. రోజుకి 60 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు తిరిగితే 1500 కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇస్తే 33 లీటర్లు దాటుతుంది. లీటరు వంద రూపాయలు దాటిన రోజుల్లో అది 3300 రూపాయల పైమాటే. టైర్లు, సర్వీసింగు దీనికి అదనం. "పదిహేను వేల జీతం" అన్న చోట పెట్రోలు వాడిదే అయితే చేతికి వచ్చేది పన్నెండు వేల లోపే. ఈ లెక్క ఇంటర్వ్యూకి ముందు వేసుకోవాలి, మొదటి జీతం వచ్చిన రోజు కాదు.

మేనేజరు: లెక్క కరెక్టే. అయితే బల్లకి ఇటువైపు కూర్చున్నవాడిగా ఒక సంగతి చెప్పనివ్వండి. వచ్చీ రాగానే జీతం, సెలవులు, పెట్రోలు అని పది ప్రశ్నలు వేసినవాడిని చాలామంది మేనేజర్లు పక్కన పెడతారు. వీడికి పని మీద కన్నా షరతుల మీద ధ్యాస ఎక్కువ అనుకుంటారు. అది న్యాయమా అంటే కాదు. కానీ జరిగేది అదే. ప్రశ్నలు అడగగలగడానికి కూడా ఇంట్లో కాస్త నిబ్బరం ఉండాలి. అద్దె కట్టాల్సిన తారీఖు దాటిపోయినవాడు అడగలేడు. మీ సలహా రెండు నెలలు ఆగగలిగినవాడికి పనికొస్తుంది, మాస్టారూ. నా సలహా రేపు పొద్దున్నే పని కావాల్సినవాడికి పనికొస్తుంది.

మాస్టారు: మీ వాదంలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ మాటే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయినా అడగాల్సినవాటిలో కొన్నింటికైనా నిబ్బరంతో పనిలేదు. "కమీషన్ చార్టు కాగితం మీద ఇస్తారా సార్?" అన్నది మర్యాద ప్రశ్నే. చేరడానికి డిపాజిట్ కట్టమంటే కట్టను అనాలి. డబ్బే లేనివాడికి ఆ మాట ఇంకా తేలికగా రావాలి. సర్టిఫికెట్లు జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. ఒరిజినల్స్ వాళ్ల బీరువాలోకి వెళ్లాక మానేసే స్వేచ్ఛ వాడికి ఉండదు.

మేనేజరు: డిపాజిట్, ఒరిజినల్స్ విషయంలో మీతో మారుమాట లేదు. ఎంత అవసరం ఉన్నా ఆ రెండూ చేయకూడదు. మిగతావాటికి వరస ముఖ్యం. ముందు తన పని చూపించాలి. "ఇంకేమైనా అడగాలా?" అని మేం అన్నప్పుడు రెండు మూడు ప్రశ్నలు వేయాలి. జీతం లెక్కకి ఒకటి, ఏరియాకి ఒకటి, శిక్షణకి ఒకటి. ఇంకో పని కూడా చేయమంటాను. వీలైతే ఇంటర్వ్యూకి ముందే ఆ కంపెనీలో పనిచేసే కాన్వాసర్ని కలిసి, ఒక పూట వెంట తిరగాలి. ఎండలో ఆ నడక ఎలా ఉంటుందో, ఎన్ని తలుపులు మొహం మీద పడతాయో, తోటివాడు గడప ముందు అసలు ఏం చెప్తున్నాడో కళ్లారా చూస్తాడు. ఏ బ్రోచరులోనూ దొరకని సమాచారం అది.

మాస్టారు: ఆ ఒక్క పూట నా ప్రశ్నలన్నిటికీ సమాధానం చెప్పేస్తుంది, ఒప్పుకుంటాను. అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. వాళ్లని అపార్ట్‌మెంట్లకి ఒంటరిగా పంపుతారా, జతగా పంపుతారా? చీకటి పడ్డాక "సార్ ఇప్పుడే ఇంటికొచ్చారు, డెమో ఇవ్వు" అంటే కాదనే వీలు ఉందా? రోజంతా రోడ్డు మీద ఉంటే బాత్రూముకి ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడి, రోజంతా నీళ్లు తాగడం మానేసి జబ్బు తెచ్చుకున్న పిల్లలు ఉన్నారు. ఇది వరస చూసుకుని అడగాల్సిన ప్రశ్న కాదు. కంపెనీయే ముందు చెప్పాల్సిన సంగతి.

మేనేజరు: నిజమే. అది మా బాధ్యత. అడిగేదాకా ఆగిన ఆఫీసుదే తప్పు. అడిగిన అమ్మాయిని "ఫీల్డుకి పనికిరాదు" అని తిప్పి పంపేవాడు ఇంకా పెద్ద తప్పు చేస్తున్నాడు.

మాస్టారు: ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ఇంటర్వ్యూ చివర్లో మేనేజరు నవ్వుతూ అంటాడు: "టార్గెట్ కోసం కాస్త ఎక్కువ చేసి చెప్పాల్సి వస్తుంది. పర్వాలేదు కదా?" కుర్రాడికి ఉద్యోగం కావాలి. మీరు ఏం చెప్పమంటారు?

మేనేజరు: "సరుకు గురించి నాకు తెలిసినంతవరకు గట్టిగా చెప్తాను సార్" అనమంటాను. అందులో అబద్ధం లేదు, ఎదిరింపూ లేదు. ముందు లోపలికి రావాలి, మాస్టారూ. పని నేర్చుకుని, నెలకి ఇన్ని అమ్మగలడని నిరూపించుకున్నాక "ఆ మాట నేను చెప్పను" అంటే వినే మేనేజర్లు ఉన్నారు. అమ్మగలిగినవాడి నిజాయతీకి ఆఫీసులో విలువ ఉంటుంది. గేటు బయట నిలబడ్డవాడి నిజాయతీ వల్ల ఆ ఇంటావిడకి ఒరిగేదేమీ లేదు. వాడి స్థానంలో ఇంకొకడు వస్తాడు, ఆ అబద్ధం వాడు చెప్తాడు.

మాస్టారు: నేను "చెప్పలేను సార్, కానీ చెప్పకుండానే అమ్మి చూపిస్తాను, నెల రోజులు టైమివ్వండి" అనమంటాను. మొదటి రోజు మెత్తగా ఒప్పుకున్న మాట మీదే రేపు టార్గెట్ పెరుగుతుంది. ఎల్లుండి అప్పు, ఈఎంఐ వస్తాయి. అప్పటికి "చెప్పను" అనడం ఇంకా కష్టమవుతుంది. చేతిలో ఏమీ లేని రోజున అనలేనివాడు, పోగొట్టుకోవడానికి జీతం ఉన్న రోజున ఎలా అంటాడు?

మేనేజరు: చేతిలో ఏమీ లేని రోజున అంటే, ఆ సాయంత్రం ఇంట్లో ఏం వండుతారు? దానికి మీరు జవాబు చెప్పాలి.

మాస్టారు: చెప్పాలి. మీరు కూడా ఇంకో ఇంటికి జవాబు చెప్పాలి. వాడి మాట నమ్మి, పుస్తెలు తాకట్టు పెట్టి కాలేజీ ఫీజు కట్టిన తల్లి ఉంటుంది. ఆ ఇంట్లో కూడా సాయంత్రం పొయ్యి వెలగాలి.

మేనేజరు: ఆ తల్లిని నేను మర్చిపోలేదు. అందుకే ఆ గడపకి తయారైనవాడినే పంపాలంటున్నాను.

మాస్టారు: నేనూ తయారైనవాడినే పంపాలంటున్నాను. దేనికి తయారు కావాలన్న దగ్గరే మన ఇద్దరికీ తేడా. ఇంటర్వ్యూకి బయల్దేరే పిల్లలు మన ఇద్దరి మాటా విని వెళ్లాలి. ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు ఏది ముందో తేల్చుకోవాల్సింది వాళ్లే.